నాటి జెట్టులా, నేటి జెట్టులా?



మొన్న వేసవిలో మా యింటి అరుగు మీద ఒక తగవు పుట్టినది. తగవులాడినవారు తండ్రీకొడుకులు. తండ్రి ముప్పది యేండ్ల క్రిందట నాయొద్ద తెలుగు చదువుకొన్నవాడు.

"గురువుగారూ! మా చిన్ననాడు హల్క్ హోగన్ పేరు వినని పిల్లవాడు లేడు. ఇప్పటి కుస్తీవాండ్ర పేర్లు ఎవరికి తెలియును?" అని తండ్రి.

"మీకు తెలియకపోయిన లోకమునకు తెలియదా నాన్నగారూ? రోమన్ రెయిన్స్ వచ్చుచున్నాడనగా ఊళ్లకూళ్లే కదలును" అని కొడుకు.

తీర్పు చెప్పుమని ఇరువురును నా మీద పెట్టిరి. ఆనాడు చెప్పలేకపోతిని. పిదప కొంత చదివి, కొంత విచారించి, నాకు తోచినది నేడు మీ ముందుంచుచున్నాను.

మొదట ఈ కుస్తీ యెట్టిదో చెప్పవలయును. ఇది మన పహిల్వానుల గోదా కుస్తీ కాదు. ఒలింపిక్ క్రీడలలోనిదియు కాదు. అమెరికా దేశమున పెరిగిన యొక ప్రదర్శనము. ఎవరు గెలువవలయునో ముందే నిర్ణయింపబడును. ఇది నేను కల్పించి చెప్పుమాట కాదు. 1989లో ఆ ప్రదర్శనములు నడపు సంస్థవారే, క్రీడాసంఘపు కట్టుబాట్లను పన్నులను తప్పించుకొనుటకై, ఇది పోటీ కాదు, వినోదమే యని న్యూజెర్సీ రాష్ట్రపు శాసనసభ్యులకు విన్నవించుకొనిరి. అట్లని చిన్నచూపు చూడనక్కరలేదు. దుర్యోధనుని తొడ విరుగునని యెరిగియే మనము తెల్లవారువరకు వీధినాటకము చూచితిమి గదా! పడుట నిజము, దెబ్బ తగులుట నిజము. గెలుపు మాత్రము ముందుగా వ్రాసిపెట్టినది. కావున ఎవరు బలాఢ్యులన్న ప్రశ్న ఇచ్చట పుట్టదు. వేషధారులను గూర్చి అడుగదగిన ప్రశ్న యొక్కటే: ఎవరి పేరు ఎక్కువ దూరము పోయినది?

అయోవా రాష్ట్రమువాడు ఫ్రాంక్ గాచ్ అను నొక జెట్టి యుండెను. 1908లో షికాగో నగరమున, ఐరోపా ఖండమంతయు కొనియాడిన హాకెన్‌ష్మిట్‌తో తలపడగా, రెండు గంటల పెనుగులాట పిమ్మట ఆ హాకెన్‌ష్మిట్ తానే ఓటమి నొప్పుకొనెను. 1911లో అదే నగరమున వారిరువురును మరల కలిసినపుడు 25,000 మందికి పైగా వచ్చి చూచిరి. ఆనాటి కుస్తీలో నిజమెంతయో నాటకమెంతయో నేటికిని వాదములు గలవు. గాచ్ పేరు మాత్రము అమెరికాలో మారుమ్రోగినది. 1917లో అతడు గతించెను. నేడు ఆ దేశమున వీథిలో పోవువాని నాపి అడిగిన, గాచ్ యెవ్వడని వాడే మనలను అడుగును.

ఇక హోగన్ మాట. 1987 మార్చి 29న పాంటియాక్ అను నూరిలో ఆండ్రే యను ఫ్రెంచి దేశపు మహాకాయుని ఇతడు పైకెత్తి నేలవైచెను. ఆ దినమున 93,173 మంది వచ్చిరని సంస్థవారు చెప్పుదురు. అంతమంది లేరని లెక్కలు కట్టినవారును కలరు. మరుసటి యేట ఫిబ్రవరిలో ఆ యిరువురి పోరే టెలివిజనులో రాగా, 3 కోట్ల 30 లక్షల మంది చూచిరి. ఆ దేశపు టెలివిజనులో ఏ కుస్తీకిని మరల అంత జనము కూడలేదు.

ఇంత పేరు ఎట్లు వచ్చినది? మీసము వలననా? కండల వలననా? అవియు కొంత పనిచేసినవి. కాని ముఖ్యకారణము వేరొకటి. ఆనాడు టెలివిజనులో దారులు తక్కువ. ఇంటికొక్క పెట్టె, పెట్టె ముందు ఇంటివారందరు. చూడ నిష్టము లేని ముసలమ్మయు వత్తులు చేసికొనుచు చూచెను. మన యూళ్లకు కేబులు తీగలు వచ్చిన క్రొత్తలో మీరును ఇట్లే చూచియుందురు. పిల్లవాడు పెట్టిన కుస్తీని మనము తిట్టుచునే కూర్చుండి చూచితిమి. అట్లు ఇష్టము లేనివారి చెవినిగూడ పడినప్పుడే పేరు ఊరంతయు పాకును.

నేడు అరచేతి కొక్క పెట్టె. 2025 జనవరి నుండి ఆ సంస్థవారి వారపు ప్రదర్శనము నెట్‌ఫ్లిక్సు ద్వారా వచ్చుచున్నది. పదియేండ్లకు 500 కోట్ల డాలర్లకు పైబడిన ఒడంబడిక యట! ధనమున నేటివారిదే పైచేయి. 2023 సెప్టెంబరు 8న జాన్ సీనా మన హైదరాబాదునకే వచ్చి, గచ్చిబౌలిలో ఆడి పోయెను. చూడగోరినవారు ఎగబడి చూచిరి. ఆ ప్రక్క వీథివారికి అట్టివాడు వచ్చినట్లే తెలియదు. తెలిసినవారికి మిక్కిలిగా తెలియుట, తెలియనివారికి బొత్తిగా తెలియకుండుట నేటి ప్రసిద్ధి లక్షణము. కుస్తీ చూడనివాడుగూడ ఎరిగిన పేరేది యన్న కొలతతో కొలిచినచో, తండ్రియే గెలిచినాడు.

కాని అతని వాదములోను ఒక లోపము గలదు. ఇది మనబోటి పెద్దలందరు చేయు తప్పే. అతడు హోగన్‌ను తలచుకొనుచున్నాడు. హోగన్‌తో ఆడిన పదులకొలది జెట్టులను మరచినాడు. మన వీరఘట్టము కోడి రామమూర్తిగారు 1942లో గతించిరి. రొమ్ము మీద ఏనుగు నెక్కించుకొన్న ఆయన కథ నేటికిని చెప్పుకొందుము. ఆయన సర్కసులోని తక్కిన మల్లు లెవ్వరో ఎవరైన చెప్పగలరా? కాలము జల్లెడ పట్టగా నిలిచిన ఇద్దరు ముగ్గురిని తెచ్చి, ఇంకను జల్లెడ పడని నేటి గుంపుతో పోల్చుట న్యాయము కాదు. నిలిచినవారైనను తరచు వేరొక వాహనమెక్కి నిలిచిరి. దారాసింగు 1968లో బొంబాయిలో అమెరికావాడైన లూ థెజ్‌ను ఓడించెనని మన యూళ్లలో ఎరిగినవారెందరు? 1987, 88లలో టెలివిజను రామాయణమున గద పట్టిన హనుమంతునిగా ఆయనను ఎరుగనివారెవ్వరు?

మరియొక మాట. పేరు వేరు, మన్నన వేరు. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ ప్రాంతమున, నెట్‌ఫ్లిక్సు వారి మొదటి ప్రదర్శననాడు, వృద్ధుడైన హోగన్ గోదా నెక్కగా జనము ఛీకొట్టినది. నల్లజాతివారిని గూర్చి అతడాడిన నీచపు మాటలు 2015లో బయటపడియుండెను. అందరును అతని నెరుగుదురు, ఎరిగియే ఛీకొట్టిరి. అదే సంవత్సరము జూలైలో అతడు కాలధర్మము నొందెను. జాన్ సీనాయో, వ్యాధిపీడితులైన బాలుర కోరిక తీర్చుటకై 650 మందికి పైగా పిల్లలను స్వయముగా కలిసికొనినవాడు. ఈ లెక్క తగవులో తండ్రియు ఎత్తలేదు, కొడుకును ఎత్తలేదు.

ఇంత విచారించిన పిదప నా ట్రంకుపెట్టె తెరచితిని. తరగతిలో ఆడుచుండగా ఈ తండ్రి చేతినుండి నేను లాగికొనిన కుస్తీవాండ్ర బొమ్మల చీట్లకట్ట అందులోనే యున్నది. ఒక్కొక్క చీటిపై జెట్టి బొమ్మ, క్రింద ఎత్తు, బరువు, రొమ్ము కొలత, ఆడినవి, గెలిచినవి. ఇరువురను పిలిపించి, కట్టను కొడుకు చేతి కిచ్చితిని. వాడు నలుగురిని పోల్చెను. పిమ్మట తన చేతి ఫోనులో నేటివారి బొమ్మలు తండ్రికి చూపెను. తండ్రి ఇద్దరిని పోల్చెను. ఆ యిద్దరిలో ఒకడు సీనా.

"చూచితిరా గురువుగారూ, నాలుగింటికి రెండు!" అని తండ్రి సంతసించెను. కొడుకు ఊరకుండక, కట్టలోని తక్కిన చీట్లను తండ్రి ముందు పరచి, పేర్లపై వ్రేలుంచి మూసి, "వీరెవరో మీరే చెప్పుడు" అనెను. తండ్రి చాలసేపు చూచెను. సగముమంది పేర్లు ఆయనకును రాలేదు.