బోనులో నిలిచిన నవల



నవలను తరగతిలో చెప్పుటయే తప్ప విచారించుట యెరుగని తరమునకు చెందినవాడను నేను. మా గురువులు పుటవెంట పుట చదివి, కఠినపదములకు అర్థములు వ్రాయించి, నాయకుని శీలమును గురించి నాలుగు మాటలు చెప్పి, గంట మ్రోగగానే లేచిపోయెడివారు. మేమును ఆ నాలుగు మాటలనే పరీక్షలో తిరిగి అప్పగించి ఉత్తీర్ణులమైతిమి. కావున కొన్ని సంవత్సరముల క్రిందట మా యెం.ఏ. విద్యార్థులు చినువా అచెబె రచించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్'ను పాఠముగా గాక వ్యాజ్యముగా నడిపెదమని అడిగినప్పుడు, అది పిల్లలాటగా తోచి, సిలబసు మిగిలిపోవునేమో యను భయముతోడనే ఒప్పుకొంటిని.

ఆ నవల పుట్టుకకే ఒక తరగతిగది విచారణతో సంబంధము కలదని నాకు తరువాత గాని తెలియలేదు. 1952 ప్రాంతమున నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీలో జాయిస్ కేరీ వ్రాసిన 'మిస్టర్ జాన్సన్' అను నవలను పాఠముగా చెప్పుచుండగా, ఆ గ్రంథములో తనకు నచ్చిన ఘట్టము జాన్సన్‌ను తుపాకితో కాల్చివేయుట యొక్కటే యని ఒక విద్యార్థి నిలబడి చెప్పెనట. అచెబె ఆ తరగతిలోనివాడే. 1939లో వెలువడిన ఆ నవలను వ్రాసిన కేరీ ఒకప్పుడు ఉత్తర నైజీరియాలో జిల్లా పాలనాధికారిగా ఉద్యోగము చేసినవాడు. తమ్ము పాలించినవాడే తమ కథ వ్రాయగా, దానిని ఉత్తమ సాహిత్యమని తామే చదువవలసివచ్చిన యువకుల ఆగ్రహమునకు ఆ మాట తీర్పువంటిది. ఆరేండ్లకు, 1958లో, అచెబె నవల లండనులో అచ్చుపడినది.

నవల చదువనివారు సభలో నుందురేని వారికొరకు రెండు మాటలు. ఇగ్బోల దేశమున ఉమువోఫియా యను తొమ్మిది పల్లెల కూటమి. అందు ఒకొంక్వో మల్లయోధుడు, మొండివాడు, తండ్రివలె చేతగానివాడు కాకూడదని జీవితమంతయు భయపడినవాడు. తన యింట పెరిగి తన్ను తండ్రీ యని పిలిచిన బాలుని, మెత్తనివాడందురేమో యని తన చేతనే నరికినవాడు. మతబోధకులు వచ్చిరి, వారి వెనుక జిల్లా కమిషనరు వచ్చెను, అతని వెనుక న్యాయస్థానము వచ్చెను. కమిషనరు మాట్లాడుకొందము రండని పిలిచి ఆరుగురు పెద్దలకు సంకెళ్ళు వేయించి, రెండువందల సంచుల గవ్వలు జరిమానా విధించెను. కోర్టు జవానులు దానిని రెండువందల యేబది చేసి, తక్కినది తమలో తాము పంచుకొనిరి. తుదకు ఒకొంక్వో ఒక జవానును నరికి, తన వారెవ్వరును కదలకుండుట చూచి, ఉరివేసికొనెను.

అతని చావునకు బాధ్యులెవరు? ఇదియే మా వ్యాజ్యము. మొదటి ముద్దాయి కమిషనరు, రెండవ ముద్దాయి ఉమువోఫియా సంఘము, మూడవవాడు మరణించిన ఒకొంక్వోయే.

ఈ 'ముద్దాయి' యను మాట యొద్దనే మాకు మొదటి పాఠము దొరకినది. వ్యవహారమంతయు తెలుగుననే నడుపవలెనని పంతము పట్టిన ఒక విద్యార్థి కోర్టు మాటల పట్టిక వ్రాసికొని వచ్చెను. ఫిర్యాదు, వకీలు, జామీను, అమీనా, ఇవన్నియు నవాబుల కచేరీలనుండి వచ్చినవి. జడ్జీ, సమను, అప్పీలు దొరలవి. మా పెద్దలనాటి మాటలని చెప్పదగినవి బోను, తీర్పు మాత్రమే అతనికి చిక్కినవి. బోను పులిని పట్టునది కదా! అంతకంటె విచిత్రమేమనగా, ముద్దాయి యను అరబ్బీ పదమునకు మూలమున వాది, అనగా మొఱ పెట్టుకొన్నవాడు అని అర్థము. మన నోటికి వచ్చుసరికి అది నేరము మోపబడినవానికి పేరైనది. మాట్లాడుకొన వచ్చి సంకెళ్ళ పాలైన ఆ ఆరుగురు పెద్దల కథ యంతయు ఈ యొక్క మాట తిరిగిన త్రోవలో కనబడినట్లు నాకు తోచినది. నవలలోని ఇగ్బోలును కోర్టు జవానును 'కోట్మా' యందురు; అది 'కోర్ట్ మెసెంజర్' అరిగి అరిగి మిగిలిన రూపము. మన బిళ్ళబంట్రోతునకు అన్నయ్య. బూడిదరంగు లాగులు తొడిగిన ఆ జవానులకు జనులు పెట్టిన మోటు పేరు వేరొకటి కలదు గాని, సభామర్యాదకై విడిచెదను.

విచారణ మొదటిదినమున ఒక నియమము పెట్టుకొంటిమి. ఉమువోఫియావారు తెలుగు మాత్రమే మాట్లాడవలెను. న్యాయాధిపతిగా కూర్చున్న అమ్మాయికి తెలుగు రాదు. నడుమ ఒక దుబాషీ. ఒకొంక్వో మిత్రుడు ఒబియెరికాగా నిలిచిన పిల్లవాడు మెట్టసేద్యపు కుటుంబమునుండి వచ్చినవాడు. పొలపు తగవులో కోర్టు జవానులకును దుబాషీకిని సొమ్ము ముట్టజెప్పినవారికే తెల్లవాని న్యాయస్థానము భూమి నిచ్చివేసిన వృత్తాంతము నవలలో కలదు. దానిని అతడు తన యూరి గట్టు తగవువలె, ఎవరి తాత ఎచ్చట రాయి పాతెనో, ఏ యేట వాన లేక పొలము ఎవరికి కౌలునకు పోయెనో, పూర్వాపరములతో పావుగంటసేపు చెప్పెను. దుబాషీ ఆవులించి ఆంగ్లమున నొక్క వాక్యము పలికెను: భూమి తమదని సాక్షి చెప్పుచున్నాడు. న్యాయాధిపతి ఆ వాక్యమును వ్రాసికొనెను. సాయంకాలము రికార్డు చదివి వినిపింపగా ఒబియెరికా లేచి, "ఇది నేను చెప్పింది కాదండీ" అనెను. "రికార్డులో ఉన్నది ఇదే" యని గుమాస్తా బదులు చెప్పెను. ఎవరును వారికి నేర్పిన సంభాషణ కాదది.

నవల చివర కమిషనరు చేయునదియు నిదియే. నైగర్ దిగువప్రాంతపు జాతులను తాను శాంతింపజేసిన విధమును గురించి గ్రంథము వ్రాయదలచిన యాతడు, చెట్టునకు వ్రేలాడు ఒకొంక్వో కథకు ఒక అధ్యాయ మీయవచ్చునని మొదట తలచి, కాదు, ఒక పేరాగ్రాఫు చాలునని సరిపెట్టుకొనును. ఈ ఘట్టమును అంతకుముందు పదిమార్లు బోధించితిని. వ్యంగ్యమని, ఉపసంహార చమత్కారమని చెప్పుచుంటిని. పావుగంట ఒక పంక్తి యగుట కన్నులార చూచిన పిల్లలకు ఆ వ్యాఖ్యానముతో పని లేకపోయినది.

కమిషనరు వకీలు సామాన్యుడు కాడు. కవలలు పుట్టిన అడవిలో పారవేయువారిని, నిరపరాధియగు బాలుని దేవవాక్యమని చంపించినవారిని, అస్పృశ్యులని కొందరిని వెలిపెట్టినవారిని ఏ ధర్మము కాపాడవలెనని అడిగెను. అచెబె వీనిలో దేనిని దాచలేదు. అందులకే ఈ నవల విచారణకు నిలుచును, లేనియెడల అది స్తోత్రపాఠమై మిగిలియుండెడిది. ప్రతివాదన చేసిన విద్యార్థిని, కవలలను కాపాడినది చర్చియే గాని కమిషనరు కాదనియు, ఊరిలో తప్పుండుట పొరుగువాడు తాళము వేసికొనుటకు పట్టా కాదనియు చెప్పెను. నాకు ఇద్దరి వాదములును రుచించినవి. మెజారిటీ తీర్పు కమిషనరునకు విరుద్ధముగా వచ్చి, తరగతి చప్పట్లు చరచినది. నాకు మాత్రము వెలితిగానే యుండెను. ఒక దొరకు శిక్ష వేసినంతనే వలసపాలన ముగిసినట్లు ఇండ్లకు పోవుచుంటిమి.

ఆ వెలితిని తీర్చినది గుమాస్తాయే. "సార్, ఈ కోర్టు ఎవరిదండీ? కమిషనరుగారిదే కదా!" యని మెల్లగా అడిగెను. నవలలోనే వేరొక న్యాయసభ యున్నది. తొమ్మిది పల్లెలకు తొమ్మిదిమంది, పితృదేవతల ముసుగులు ధరించిన ఎగ్వుగ్వులు, ఊరి మైదానమున కూర్చుండి ఉజోవులు అనువాడు భార్య మ్గ్బాఫోను కొట్టిన తగవు విందురు. వాని దోషమును తూచి దండింపరు. కల్లుకుండతో అత్తవారింటికి పోయి బ్రతిమాలుకొమ్మందురు. వారిలో ఒకని నడక ఒకొంక్వో నడకవలె నున్నదని ఆడువారికి తెలియును, తెలిసియు పలుకరు. మరుసటివారము బల్లలు ప్రక్కకు నెట్టి, నేలపై కూర్చుండి, ఆ పద్ధతిని మరల విచారణకు దిగితిమి. మొదటి గడియలోనే చిక్కు వచ్చిపడినది. కమిషనరును పిలిపింపవలెను, పిలిచిన రాడు. ఇతని సమను అచ్చట చెల్లును, వారి పిలుపు ఇచ్చట చెల్లదు. సామ్రాజ్యమనగా నేమని ఇరువదియేండ్లు నిర్వచనములు వ్రాయించిన నాకు ఇంత పొట్టి నిర్వచనము ఎన్నడును దొరకలేదు.

చరిత్రయు దీనినే చెప్పును. 1900లో దక్షిణ నైజీరియా సంరక్షితరాజ్య మేర్పడిన పిమ్మట, రాజులే లేని ఇగ్బో పల్లెలలో దొరలు కాగితములిచ్చి 'వారంటు చీఫు'లను సృష్టించి, 'నేటివ్ కోర్టు'లలో కూర్చుండబెట్టిరి. 1929 చివర, తమకును పన్ను పడునని విని ఇగ్బో, ఇబిబియో స్త్రీలు వేలకొలది కదలి ఆ చీఫుల యిండ్లను చుట్టుముట్టి, కోర్టు కచేరీలపై బడిరి. కాల్పులలో ఏబదిమందికి పైగా స్త్రీలు కూలిరి. వారు దండెత్తినది ముఖ్యముగా కోర్టులమీద నన్నది చూడుడు.

ఈ యేడాది తరగతివారు మరల విచారణ పెట్టినారు. మ్గ్బాఫోను సాక్షిగా పిలువవలెనని ఆడపిల్లల పట్టు. నవలలో ఆ తగవు ఆమెదే యైనను ఆమె ఒక్క మాటయు పలుకదు. మగడు చెప్పుకొనును, ఆమె తరఫున అన్నదమ్ములు చెప్పుదురు, ముసుగులు వినును. 1929నాటి ఆ అలజడిపై 1930లో విచారణ సంఘము ఎదుట స్త్రీలిచ్చిన వాఙ్మూలములను చదివి, వానినుండి ఆమె సాక్ష్యమును కూర్చుకొనుచున్నారు. ఆ వాఙ్మూలములును దుబాషీల చేతిమీదుగా ఆంగ్లమున కెక్కినవే. మ్గ్బాఫోకు దుబాషీగా ఎవరిని కూర్చుండబెట్టవలెనను దానిమీద తరగతిలో ఇంకను తగవు తెగలేదు.