ఇంటికి బీమా - ఎంతకు రాయించాలి?



2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది. విజయవాడలో సింగ్ నగర్ వైపు ఇళ్లు నీట మునిగాయి. మంచాలు, బియ్యం డబ్బాలు, కుట్టు మిషన్లు బురదలో కూరుకుపోయాయి. నేల అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయల సాయం ప్రకటించింది. దాంతో ఇంటెడు సామాను మళ్లీ కొనగలమా? అలాంటప్పుడు ఆదుకునేది ఇంటి బీమా.

ఎల్.ఐ.సి. పాలసీ ఉంది కదా అంటారు కొందరు. అది మనిషికి. ఇంటికి విడిగా తీసుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ వచ్చింది. ఏ కంపెనీలో తీసుకున్నా ముఖ్యమైన షరతులు ఒకటే. కట్టే ప్రీమియం మాత్రం మారుతుంది. అందుకని రెండు మూడు చోట్ల అడగాలి.

ఇక అసలు సంగతి. ఎంతకు రాయించాలి?

ఒకామెకు 500 చదరపు అడుగుల డాబా ఉంది అనుకోండి. స్థలంతో కలిపి అమ్మితే 20 లక్షలు వస్తుంది. ఏజెంటు 20 లక్షలకే రాయించమంటాడు. ఎందుకమ్మా? వరదకు స్థలం కొట్టుకుపోదు కదా! పోయేది గోడలు, కప్పు. వాటిని తిరిగి కట్టడానికి ఎంతవుతుందో అంతకే రాయించాలి. ఊళ్లో మేస్త్రిని అడిగితే చెబుతాడు. అడుగుకు 1,500 అన్నాడనుకోండి. 500ను 1,500తో గుణిస్తే 7,50,000. ఆమె రాయించాల్సింది అంతే. ఎక్కువ రాయిస్తే ఎక్కువ రాదు, ప్రీమియం దండగ. తక్కువ రాయిస్తే, రాసినదానికి మించి ఇవ్వరు.

ఇంటికి రాయిస్తే సామానుకు కూడా బీమా వస్తుంది. నూటికి 20 వంతు, 10 లక్షలు మించకుండా. ఈమెకైతే 1,50,000. బంగారం ఇందులోకి రాదు. నగలకు విడిగా రాయించాలి. అద్దెకుండేవాళ్లు సామాను వరకే తీసుకోవచ్చు. ఇల్లు మనది కాకపోయినా మంచం మనదే కదా!

నిప్పు, పిడుగు, తుఫాను, వరద, భూకంపం - వీటి నష్టానికి డబ్బు వస్తుంది. మామూలు దొంగతనానికి రాదు. వరదలాంటిది వచ్చి ఇల్లు పాడైనప్పుడు, 7 రోజుల లోపల దొంగలు పడితేనే వస్తుంది. పాతబడి కప్పు కారితే రాదు. కరెంటు షార్టయి టీవీ కాలితే ఆ టీవీకి రాదు. ఆ మంట ఇంటికి అంటుకుంటే ఇంటికి వస్తుంది.

తాటాకు కప్పయితే తాటాకనే రాయించాలి. ఏజెంటు నింపిన కాగితం ఒకసారి చదవండి. కూడబలుక్కుని చదివినా సరే, చదివాకే సంతకం. అబద్ధం రాసి ఉంటే రేపు కంపెనీ డబ్బు ఇవ్వననవచ్చు.

నష్టం జరిగిన వెంటనే కంపెనీకి చెప్పాలి. 30 రోజుల లోపల ఫారం ఇవ్వాలి. సర్వేయరు వచ్చి చూస్తాడు. అతను చూసేదాకా పాడైన సామాను పారేయకూడదు. ఫోనులో ఫొటోలు తీసి పెట్టాలి. కంపెనీ పట్టించుకోకపోతే 155255కు ఫోను చేయవచ్చు. హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఆఫీసు కూడా ఉంది. అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు.

పాలసీ కాగితం బీరువాలో దాస్తే బీరువాతో పాటే మునుగుతుంది. ఒక జెరాక్సు పుట్టింట్లోనో, వేరే ఊళ్లో ఉన్న అక్క దగ్గరో ఉంచండి.