గుమ్మటం కొలత



లెక్కల పంతుళ్లను మాట్లాడమంటే లెక్కే చెబుతాం. మన వాకాడు చుట్టుపక్కల మసీదుకు రంగు వేయించాలంటే దాతల సొమ్మే ఆధారం. గోడల కొలత అందరికీ వచ్చు. గుమ్మటం దగ్గరకు వచ్చేసరికి మేస్త్రీ దాన్ని సగం బంతి అనుకుని లెక్క కట్టేస్తాడు. చాలా గుమ్మటాలు సగం బంతి కావు, అంతకంటే చిన్న ముక్కలు.

గుమ్మటం అడుగున వ్యాసం 6 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు అనుకుందాం. అడుగు వ్యాసార్ధం 3, దాని వర్గం 9. ఎత్తు వర్గం 4. రెండూ కలిపితే 13. దాన్ని 3.14తో గుణిస్తే 40.82 చదరపు మీటర్లు. సగం బంతి లెక్కన వచ్చేది 56.52. తేడా 15.7 చదరపు మీటర్లు, అంటే దాదాపు 169 చదరపు అడుగులు. 100 రూపాయల పనికి 138 రూపాయలు ఇచ్చినట్టు. అమానత్ సొమ్ములో ఇది చిన్న తేడా కాదు.

ఈ సూత్రం ఎలా వచ్చింది? గుమ్మటం కొన నుంచి అడుగు అంచుకు, వంపు వెంట కాకుండా, తిన్నగా ఉన్న దూరాన్ని వ్యాసార్ధంగా తీసుకుని నేలమీద వృత్తం గీయండి. ఆ వృత్తం వైశాల్యమూ గుమ్మటం పైతలమూ సమానం. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడీస్ దీన్ని రుజువు చేశాడు. 9వ శతాబ్దంలో బాగ్దాదులో బనూ మూసా సోదరులు ముగ్గురూ గోళాల కొలతలపై అరబ్బీలో పుస్తకం రాశారు. సమర్ఖండులో అల్ కాషీ 1427లో పూర్తిచేసిన 'మిఫ్తాహుల్ హిసాబ్'లో కట్టడపు పనివాళ్ల కోసం కమానులు, గుమ్మటాలు కొలిచే పద్ధతులు ఇచ్చాడు. అంత పెద్ద పండితుడు మేస్త్రీల అవసరం తలచుకున్నాడు చూడండి, మాకు అదే నచ్చుతుంది.

పిల్లలకు మేం ఇంకో వింత చూపిస్తాం. రంజాన్ రోజుల్లో ఇఫ్తారుకు తెచ్చిన గుండ్రటి పుచ్చకాయను ఒకే మందంతో అడ్డంగా బిళ్లలు కోయండి. కొస బిళ్లకూ నడిమి బిళ్లకూ తొక్క సమానమే! గుజ్జు మాత్రం నడిమి దాంట్లోనే ఎక్కువ. పిల్లలు నమ్మరు, కొలిచాక నమ్ముతారు.

పదో తరగతిలో గోళం, అర్ధగోళం దాకా వస్తాయి. ఈ ముక్క లెక్క మన ఆడపిల్లలు నిమిషంలో చేస్తారు. తరువాత వాళ్లలో కొందరి చదువు అక్కడే ఆగిపోతోంది. ఫీజు, బస్సు ఖర్చు కారణం. రంగులో మిగిలే సొమ్ము అటు మళ్లించమని మా మనవి. ఈసారి గుమ్మటం పని పెట్టుకునేవారు అడుగున తాడు చుట్టి ఆ పొడవూ, ఎత్తూ చీటీ మీద రాసి బడికి పంపండి. లెక్క మా పిల్లలు కట్టి ఇస్తారు.