ఇంట్లో ఎదుగుతున్న పిల్లలకు హెచ్ఐవీ గురించి ఏం చెప్పాలి?

(ఏఆర్‌టీ పింఛను కుటుంబాల సమావేశంలో కౌన్సిలర్ ప్రసంగ పాఠం)



ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయలు వచ్చే పింఛను గురించి అడగాల్సినవన్నీ ఇందాకే సచివాలయం వాళ్లను అడిగారు. నేను మాట్లాడేది మీ ఇంట్లో పదమూడు దాటిన పిల్లల గురించి.

"మా వాడికి ఇంకా చెప్పలేదండీ, బలానికి మందని చెప్పి మింగిస్తున్నాం" అని చాలామంది అంటారు. ఏడేళ్లవాడికి ఆ మాట సరిపోతుంది. పదిహేనేళ్లవాడి చేతిలో ఫోన్ ఉంటుంది, డబ్బా మీద పేరు చూసి వాడే వెతుక్కుంటాడు. అలా తెలిస్తే జబ్బు వచ్చిందన్న బాధ కంటే ఇన్నాళ్లు దాచారన్న కోపమే ఎక్కువ. ఆ కోపంలో ముందు మానేసేది మాత్రే. అందుకే మీరే చెప్పండి. అన్నీ ఒకే రోజు చెప్పక్కర్లేదు. నోరు రాకపోతే ఏఆర్‌టీ సెంటర్‌కు తీసుకురండి, కౌన్సిలర్ పక్కన కూర్చుని కలిసి చెప్పొచ్చు.

మాత్ర మానితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండా కూడా మారొచ్చు. రోజూ వేసుకుంటూ, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే నిలబడితే, శారీరక సంబంధం వల్ల ఇంకొకరికి సోకదు. "నాకిక పెళ్లెక్కడ, చదువెందుకు" అని ముడుచుకుపోయిన పిల్లకు ఇంతకన్నా ధైర్యమిచ్చే మాట నాకు తెలీదు.

ఇంట్లో హెచ్ఐవీ లేని పిల్లలూ ఉంటారు. కలిసి తింటే, దోమ కుడితే రాదని వాళ్లు బళ్లో వినే ఉంటారు. కండోం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. మనం సిగ్గుపడితే ఫోన్లో చెత్త వీడియోలు చెబుతాయి. ఆ మాటెత్తితే పిల్లలు చెడిపోతారన్నది ఉత్త భయం. ఆడపిల్లకు "వద్దు" అనడం నేర్పుతాం సరే, ఎదుటివాళ్లు వద్దంటే ఆగాలని మగపిల్లాడికి ఎంతమందిమి చెప్పాం? జాతరలో పచ్చబొట్టు వేయించుకుంటే సూది కొత్తదో కాదో చూసుకోమనండి.

బిడ్డపై ఎవరైనా బలవంతం చేస్తే పరువని ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటలలోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. 1098కి ఫోన్ చేయండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం హెచ్ఐవీ ఉందని పిల్లల్ని బడి నుంచి పంపేయకూడదు. అదే చట్టంలో, తల్లిదండ్రులు చూసుకోలేని స్థితిలో ఉంటే, 12 నిండి 18 లోపున్న అక్కో అన్నో, ఇల్లు నడిపే తెలివి ఉంటే, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సంరక్షకులుగా ఉండొచ్చు. బడిలో చేర్పించడం, వైద్యం, బ్యాంకు ఖాతా చూడటం చేయొచ్చు. ఇలాంటి పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. "బంగారుతల్లి" అని పొగిడి ఊరుకోకండి. ఆ పిల్లకు కూడా ఏడవడానికి ఒక మనిషి కావాలి. నానమ్మో, మేనత్తో, ఆశా కార్యకర్తో, ఎవరైనా సరే.

వచ్చే నెల మందులకు వచ్చేటప్పుడు పిల్లల్నీ వెంటబెట్టుకు రండి. ఈలోగా అడగాలనుకుంటే 1097, ఉచితం. పేరు చెప్పక్కర్లేదు.