పాలతోపాటు ప్రయాణించే కాగితం

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సమాఖ్య రవాణా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పశుపోషణను గూర్చి, పచ్చిమేతను గూర్చి, పాల నాణ్యతను గూర్చి ఈ తరగతులలో మీరు తరచుగా వింటూనే ఉంటారు. ఈ రోజు మేము పాలను గూర్చి గాక, పాలతోపాటు ప్రయాణం చేసే కాగితాన్ని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాము. కాగితం ఏముంది, పాలు బాగుంటే చాలదా అని కొందరికి అనిపించవచ్చు. కాని పాడిరైతు చేతికి వచ్చే డబ్బు పాలను చూసి రాదు. పాలను గూర్చి కాగితం మీద రాసిన అంకెను చూసి వస్తుంది.

ఆ అంకె ఎంత దూరం ప్రయాణం చేస్తుందో ఒకసారి చూద్దాము. ఉదయం పాలు పోసిన రైతుకు ఒక చీటీ ఇస్తాము. సంఘం రిజిస్టరులో ఒక పద్దు రాస్తాము. క్యాన్లు వాహనం ఎక్కేటప్పుడు ట్రక్ షీటు రాస్తాము. బల్క్ కూలరు ఉన్నచోట ట్యాంకరు డ్రైవరుకు చలానా ఇస్తాము, దానిపై సీలు నంబరు వేస్తాము. డెయిరీ గేటు వద్ద గేట్ పాసు, కాటా చీటీ, లేబొరేటరీ రిపోర్టు తయారవుతాయి. చివరకు పదిహేను రోజుల బిల్లు. రైతు పాలను కొలిచేది ఒక్కసారి. కాని ఆ కొలతను రాసేది ఐదారు సార్లు, అదీ ఐదారుగురి చేతులతో. రాసిన ప్రతిసారీ తప్పు దొర్లడానికి ఒక అవకాశం ఉన్నది.

ఇతరుల తప్పులు ఎంచడం కంటె, మా విభాగంలో జరిగిన పొరపాటునే ముందుగా చెప్పుకుంటాము. ఒక వర్షాకాలంలో ఒక రూటు ట్రక్ షీటు తడిసి వచ్చింది. సంఘం కోడు 71 అని రాసి ఉన్నది. మా గుమాస్తా దానిని 77గా చదివి నమోదు చేశారు. ఒక సంఘం రెండు పూటల పాలు మరొక సంఘం ఖాతాలో పడ్డాయి. బిల్లు వచ్చేవరకు ఎవరికీ తెలియలేదు. పాల డబ్బు తగ్గిందని సభ్యులు కార్యదర్శిని నిలదీశారు. ఆయన రిజిస్టరు, రైతుల చీటీలు పట్టుకొని మా వద్దకు వచ్చారు. అన్నీ సరిపోయాయి. తరువాతి బిల్లులో సొమ్ము సరిచేశాము. కాని అంతవరకు ఆయన ఊళ్లో తలెత్తుకొని తిరగలేకపోయారు. తప్పు మాది, మాట పడింది ఆయన. ఆ రోజు ఆయనను కాపాడినవి రైతుల చేతిలోని చిన్న చీటీలే అన్న సంగతి మీరు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. దీనికి మళ్లీ వస్తాము.

ఇట్టి పొరపాట్లు తగ్గించడానికే కాగితాల పనిని యంత్రాలకు అప్పగించే ప్రయత్నం జరుగుతున్నది. సంఘం వద్ద ఎలక్ట్రానిక్ కాటా, పాల విశ్లేషణ యంత్రం, కంప్యూటరు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయి. తూకం, వెన్న శాతం ఎవరూ చేతితో రాయనవసరం లేకుండా నేరుగా లెక్కలోకి వెళతాయి. అవే అంకెల నుండి ట్రక్ షీటు తయారై, వాహనం డెయిరీకి చేరకముందే గేటు వద్ద కనిపిస్తుంది. వాహనం వచ్చిన తరువాత కాగితాల కొరకు ఎదురుచూడనవసరం ఉండదు. ఎండాకాలంలో గేటు బయట క్యాన్ల వాహనం అరగంట నిలబడితే ఏమవుతుందో మీకు మేము చెప్పవలసిన పని లేదు. పుల్లబడిన పాలకు ఏ కాగితమూ ధర తీసుకురాలేదు.

ఈ పద్ధతి ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవడానికి మన రోడ్ల మీదే ఒక మంచి ఉదాహరణ ఉన్నది. అది ఇ-వే బిల్లు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తరువాత రాష్ట్ర సరిహద్దులలో వాణిజ్య పన్నుల చెక్ పోస్టులు తీసివేశారు. 2018 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రాల మధ్య రవాణాకు, అదే నెల 15 నుండి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాష్ట్రం లోపలి రవాణాకు ఇ-వే బిల్లు అమలులోకి వచ్చింది. 50,000 రూపాయలకు మించిన సరుకు కదలాలంటే ముందుగా కంప్యూటరులో ఈ బిల్లు తయారు చేయాలి. మామూలు పాలకు పన్ను లేదు, ఈ బిల్లు అవసరమూ లేదు. కాని మన నెయ్యి, వెన్న, పాలపొడి లారీలకు అవసరం.

ఇందులో మనం నేర్చుకోవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ బిల్లుకు రెండు భాగాలు. మొదటి భాగంలో సరుకు వివరాలు, రెండవ భాగంలో వాహనం వివరాలు ఉంటాయి. నెయ్యి లారీ దారిలో చెడిపోయి, డబ్బాలు వేరే లారీలోకి మార్చవలసి వచ్చిందనుకోండి. బిల్లు అంతా తిరగరాయనక్కరలేదు. రెండవ భాగంలో కొత్త లారీ నంబరు నమోదు చేస్తే చాలు. సరుకు లెక్కను ఎవరూ ముట్టుకోరు. మామూలు లారీకి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. 500 కిలోమీటర్ల దూరానికి మూడు రోజులు. గడువు చాలకపోతే, అది ముగియడానికి ముందు 8 గంటలలో గాని, ముగిసిన తరువాత 8 గంటలలో గాని పొడిగించుకోవాలి. తప్పుగా తయారైన బిల్లును 24 గంటలలోపు రద్దు చేయవచ్చు. సరుకు అందుకోవలసినవారు తమది కాదనుకుంటే, సరుకు చేరకముందైతే 72 గంటలలోపు తిరస్కరించవచ్చు. అంటే తప్పు జరుగుతుందని ముందే తెలిసి, దానిని సరిదిద్దడానికి దారి, గడువు, బాధ్యత నిర్ణయించి పెట్టారు.

మన ట్రక్ షీటు కూడా ఇట్లాగే ఉండాలని మా అభిప్రాయం. పాల లెక్క సంఘానిది, వాహనం లెక్క రవాణావారిది. వాహనం మారితే నంబరు మారాలి గాని పాల అంకె మారకూడదు.

అయితే యంత్రం పెట్టగానే అంతా నిజమైపోతుందని భ్రమపడకూడదు. యంత్రం తనకు చెప్పినదాన్నే తిరిగి చెబుతుంది. తప్పు చెబితే, ఆ తప్పునే చకచకా పదిచోట్లకు పంపుతుంది. రెండు ఉదాహరణలు మనవి చేస్తాము.

మొదటిది లీటర్లు, కిలోల సంగతి. 1,000 లీటర్ల పాలు సుమారు 1,030 కిలోలు తూగుతాయి. సంఘంలో లీటర్లలో కొలిచి, డెయిరీలో కిలోలలో తూస్తే, ఈ తేడా ఇరుపక్షాలకూ తెలిసి ఉండాలి. లీటర్ల అంకెను కిలోల గడిలో వేస్తే సంఘానికి 30 కిలోలు పోయినట్లే. చేతితో రాసే రోజులలో అనుభవమున్న గుమాస్తా దీనిని చూడగానే పట్టుకునేవారు. యంత్రం పట్టుకోదు.

రెండవది ఎస్.ఎన్.ఎఫ్. లెక్క. లాక్టోమీటరు రీడింగు నుండి ఎస్.ఎన్.ఎఫ్. కట్టే సూత్రాలు వాడుకలో ఒకటికి మించి ఉన్నాయి. వెన్న 6 శాతం, సవరించిన లాక్టోమీటరు రీడింగు 28 అనుకుందాము. రీడింగులో నాలుగోవంతు 7. దానికి వెన్నలో 0.25 వంతు, ఆపైన 0.44 కలిపే సూత్రం ప్రకారం ఎస్.ఎన్.ఎఫ్. 8.94 వస్తుంది. వెన్నలో 0.21 వంతు, ఆపైన 0.36 కలిపే సూత్రం ప్రకారం 8.62 వస్తుంది. పాలు అవే, లాక్టోమీటరు అదే. 5,000 కిలోల ట్యాంకరులో ఈ తేడా 16 కిలోల ఎస్.ఎన్.ఎఫ్. అవుతుంది. సంఘం కంప్యూటరులో ఒక సూత్రం, డెయిరీ కంప్యూటరులో మరొక సూత్రం ఉంటే రోజూ జగడమే. ఎవరూ దొంగ కాకపోయినా అందరూ ఒకరినొకరు దొంగలనుకుంటారు. కనుక కొత్త యంత్రం పెట్టేముందు, అందులో ఏ సూత్రం ఉన్నదో అడిగి రాసిపెట్టుకోండి.

మరొక విషయం. ఇట్టి ఏర్పాటు అందరూ కలిస్తేనే నిలుస్తుంది. ఓడల రవాణాలో పేరున్న మెర్స్క్ సంస్థ 2014లో తూర్పు ఆఫ్రికా నుండి ఐరోపాకు వెళ్లే శీతల సరుకును వెన్నంటి చూసినది. సుమారు 30 మంది వ్యక్తులు, సంస్థల చేతులు మారి, 200కు పైగా సంప్రదింపులు జరిగినట్లు తేలినది. ఈ చిక్కును విప్పడానికి ఐ.బి.ఎం. సంస్థతో కలిసి 2018లో ట్రేడ్‌లెన్స్ అనే కంప్యూటరు వ్యవస్థను తెచ్చారు. రవాణా రంగమంతా కలిసిరాలేదంటూ 2022 నవంబరులో దానిని మూసివేస్తున్నట్లు ప్రకటించారు. అంతటి సంస్థలకు యంత్రాలు కరువా? నిపుణులు కరువా? అందరి సహకారమే కరువైనది. మన రూటులో పది సంఘాలుండి రెండు సంఘాలు పాత ట్రక్ షీటుతోనే నడిస్తే, గేటు వద్ద రెండు రకాల లెక్కలు నడపవలసి వస్తుంది. అప్పుడు పని తగ్గకపోగా పెరుగుతుంది. సహకారం అన్న మాటతోనే పుట్టిన మనకు ఇది కష్టం కాకూడదు.

ఇక సంఘాలకు మా విన్నపాలు నాలుగు.

ఒకటి. ఎన్ని యంత్రాలు వచ్చినా పాలు పోసిన ప్రతి సభ్యునికి, సభ్యురాలికి అక్కడికక్కడే చీటీ ఇవ్వండి. ఫోనుకు సందేశం వస్తున్నది కదా అని చీటీ మానవద్దు. ఇంట్లో ఫోను కొడుకు దగ్గర ఉంటుంది, పాలు పోసేది తల్లి.

రెండు. కరెంటు పోయినప్పుడు, సిగ్నలు లేనప్పుడు రాయడానికి రిజిస్టరు సిద్ధంగా ఉంచండి. తరువాత ఆ పద్దులను యంత్రంలో ఎక్కించేటప్పుడు ఇద్దరు కలిసి సరిచూడండి.

మూడు. అంకె దిద్దే అధికారం ఎవరిదో పాలకవర్గంలో తీర్మానించండి. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను ఏ అంకెగా దిద్దారో యంత్రంలో నిలిచి ఉండాలి. పాస్‌వర్డు గోడమీద రాసిపెట్టవద్దు. ఒకరి పేరుమీద మరొకరు పనిచేస్తే, రేపు మాట పడేది పేరున్నవారే.

నాలుగు. బిల్లు వచ్చేవరకు ఆగకండి. నిన్నటి ట్రక్ షీటును, డెయిరీ అంకెను ఈ రోజే పోల్చిచూడండి. తేడా ఉంటే వెంటనే మాకు తెలపండి. ఒక రోజు తప్పును సరిచేయడం సులభం, పదిహేను రోజుల అనుమానాన్ని తుడవడం కష్టం.

మా వైపు నుండి కూడా ఒక మాట ఇస్తున్నాము. డెయిరీలో మేము ఏ అంకె మార్చినా, కారణంతో సహా అది సంఘానికి కనిపించేటట్లు చేస్తాము. సంఘం లెక్క మాకు కనిపించి, మా లెక్క సంఘానికి కనిపించకపోతే అది సహకారం అనిపించుకోదు.

వర్షంలో తడిసిన ఆ ట్రక్ షీటును మేము పారవేయలేదు. కొత్తగా చేరిన గుమాస్తాలకు మొదటి రోజున చూపిస్తుంటాము. ఆ అంకె వెనుక తెల్లవారుజామున లేచి పాలు పితికిన మనుషులున్నారని వారికి చెబుతాము. యంత్రం వచ్చినా ఆ సంగతి మారదు.