విప్పి చూసే పాఠం



వృత్తిరీత్యా నేను ఇంజినీరును. ఏటా రెండు వారాలు ఒక డిజైన్ కాలేజీలో పాఠం చెబుతాను. పర్యావరణానికి భారం కాని వస్తువులు ఎలా రూపొందించాలన్నది విషయం. మొదటి ఏడాది స్లైడ్లు చూపించాను. పిల్లలు వెదురుతో ముచ్చటైన దీపాలు చేసుకొచ్చారు, బద్దలన్నీ ఎపాక్సీతో అతికించి! అవిక విడదీయడానికి రావు, మట్టిలోనూ సరిగా కలవవు. తప్పు నాదే.

మరుసటి ఏడాది నుంచి పాత మిక్సీలు ముందుపెట్టి విప్పమంటున్నాను. కప్లర్ దగ్గర కాసేపు ఆగుతాం. బ్లేడు ఇరుక్కుంటే ముందు అదే పాడై మోటారును కాపాడుతుంది. చవకది, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. మన బడి ఎదుటి సైకిల్ షాపు గుర్తుందా? అక్కడ నాలుగు పానాలతో సైకిలంతా ఊడేది.

ఒకసారి సుత్తితో పగలగొడితే గానీ తెరుచుకోని చార్జర్ దొరికింది. "స్క్రూలు ఎందుకు పెట్టలేదు సార్?" అని ఓ అమ్మాయి అడిగింది. జవాబు నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వస్తువుకు నాలుగు స్క్రూలు తీసేయించి, రెండు ప్లాస్టిక్ సగాలనూ అల్ట్రాసోనిక్ వెల్డింగుతో అతికించే మార్పు చేసింది నేనే. ఖర్చు తగ్గింది, మెప్పూ వచ్చింది. లోపల చిన్న తీగ తెగినా మొత్తం చెత్తలోకే. ఆ మాట క్లాసులో చెప్పడానికి గొంతు పెగల్లేదు. చివరికి చెప్పాను.

ఇప్పుడు ప్రతి విద్యార్థీ తన డ్రాయింగు తీసుకెళ్లి రిపేరు షాపులో చూపించి రావాలి. మొన్న ఒక మెకానిక్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నాడట. ఆ అమ్మాయి మళ్లీ మొదటినుంచి గీస్తోంది.