పొగ వదిలిన కథ
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మమ్ములను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము డాక్టర్లము కాము. పట్టు రీలింగు పనిలో బతికినవాళ్ళము. అందుచేత పుస్తకాల్లోని సంగతులకంటే మా సొంత సంగతే చెప్పుకోవడం మేలని తోచింది. పద్దెనిమిదేళ్ళు సిగరెట్టు తాగాము. మానుకుని ముప్పై ఐదేళ్ళు దాటింది. ఈ రెండింటి మధ్య జరిగినదే ఈనాటి మా ప్రసంగం.

మాకు 16 ఏళ్ళప్పుడు, అంటే 1968లో, హిందూపురంలో ఒక రీలింగు చరఖా వద్ద పనికి కుదిరాము. పట్టుగూళ్ళు వేడినీళ్ళలో ఉడికించి దారం తీసే పని ఎంత కష్టమో మీలో చాలామందికి తెలుసు. చేతులు నానిపోయి తోలు ఊడుతుంది. అంతకంటే ఘోరం, ఉడికిన పురుగు వాసన. అన్నం ముందు కూర్చున్నా ఆ వాసనే, పడుకున్నా ఆ వాసనే. మొదటి వారం మేము తిన్నదంతా కక్కుకున్నాము. అప్పుడు పక్క చరఖా మీదున్న పెద్దాయన ఒకరు జాలిపడి, "ఇది పెట్టుకో అబ్బాయ్, వాసన తెలీదు" అని ఒక బీడీ ఇచ్చారు. ఆయన తప్పేమీ లేదు. తనకు తెలిసిన మందు తాను ఇచ్చారు. నిజంగానే వాసన తెలియలేదు. కొన్నాళ్ళకు మల్లెపూల వాసన కూడా తెలియకుండా పోయిందనేది వేరే సంగతి!

బీడీ నుండి సిగరెట్టుకు ఎదగడం ఆ రోజుల్లో ప్రమోషను లాంటిది. హైదరాబాదులో తయారయ్యే చార్మినార్ పసుపుపచ్చ పెట్టె జేబులో ఉంటే దొరబాబు అయినట్టే. మాకు పెట్టె కొనే తాహతు లేదు, విడిగా ఒక్కొక్కటి కొనేవాళ్ళము. బంకు పక్కన వేలాడే కొబ్బరితాడు కొసన నిప్పు ఎప్పుడూ రగులుతూ ఉండేది. ఆ తాడు దగ్గర ముఖం వంచి అంటించుకుని, ఎవరైనా బంధువులు చూస్తున్నారేమోనని ఇటూ అటూ చూసి, గుప్పిట్లో దాచుకుని తాగేవాళ్ళము. అబ్బాజాన్‌కు తెలియదనుకున్నాము. మా చొక్కాలు ఉతికే అమ్మీజాన్‌కు మొదటి రోజే తెలిసిందట.

తర్వాత పనిలో కొంచెం పైకి వచ్చి, దారం పట్టుకుని ధర్మవరం తిరగసాగాము. హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం. అప్పట్లో మీటర్ గేజి, బొగ్గింజను. హిందూపురం స్టేషనులో ఒకటి, పెనుకొండ కొండ కనబడగానే ఒకటి, ధర్మవరంలో దిగగానే టీతో ఒకటి. టీ తాగితే సిగరెట్టు, బేరం కుదిరితే సిగరెట్టు, బేరం చెడితే రెండు. 1975లో చట్టం వచ్చి, సిగరెట్టు పెట్టె మీద ఆరోగ్యానికి హానికరమని హెచ్చరిక వేయడం మొదలైంది. ఆ హెచ్చరిక చదువుతూనే అగ్గిపుల్ల గీసేవాళ్ళము. ఒకసారి ఊరికే లెక్క వేశాము. సగటున రోజుకు 15 అనుకున్నా పద్దెనిమిదేళ్ళలో 98,550 సిగరెట్లు! ఆ డబ్బు సంగతి అలా ఉంచండి, అంత పొగ వెళ్ళింది ఎక్కడికి? మాలోకే కదా. మిగిలింది మా ఇంట్లోవాళ్ళలోకి, పిల్లల్లోకి.

ఈ పొగాకు మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. అక్బరు కొలువులోని అసద్ బేగ్ అనే ఉద్యోగి 1604 ప్రాంతంలో బీజాపూరు నుండి పొగాకునూ, చక్కని హుక్కానూ తెచ్చి పాదుషాకు సమర్పించాడు. పాదుషా ఒకటి రెండు దమ్ములు పీల్చగా, ఆస్థాన హకీము అడ్డుపడ్డాడు. తెలియని వస్తువు, పరీక్షించనిది, వద్దన్నాడు. ఆ తర్వాత 1617లో జహంగీరు పొగ తాగరాదని ఫర్మానా ఇచ్చాడు. ఫర్మానా నిలవలేదు, పొగాకు నిలిచింది. పాదుషా వల్లే కానిది మా వల్ల ఏమవుతుందని మేము కూడా చాలాకాలం సమాధానపడ్డాము.

మానాలని ప్రయత్నించలేదని కాదు. 1979లో ఒకసారి, 1981లో ఒకసారి ఒట్టు పెట్టుకున్నాము. మొదటిది మూడు రోజులు, రెండోది పదకొండు రోజులు. 1983లో పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు కుటుంబమంతా వెళ్ళాము. మరునాడు పిల్లలు కొండమీది కోట చూడాలన్నారు. అరవై దాటిన మా మామూజాన్ చేతికర్ర పట్టుకుని ముందు నడుస్తున్నారు. 31 ఏళ్ళ మేము సగం దారిలో బండమీద కూలబడి దగ్గుతున్నాము. మా చిన్నవాడు వెనక్కి వచ్చి, "అబ్బా, నానాలాగా ముసలివాళ్ళయిపోయారా మీరు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. దిగివచ్చి, బస్టాండులో సిగరెట్టు వెలిగించాము. సిగ్గు ఒక్కటే మనిషిచేత మాన్పించలేదు. ఇది మా అనుభవం.

మమ్ములను కదిలించినది వేరే ఉంది. ఇది చెప్పడానికే ఈ రోజు ఒప్పుకున్నాము.

ధర్మవరంలో మాకొక నేత మిత్రుడు ఉండేవాడు. పేరు చెప్పము, వారి కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంది. మాకంటే నాలుగేళ్ళు పెద్ద. గుంట మగ్గం మీద పట్టుచీర నేస్తే చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేరు. ఆయనకు బీడీ అలవాటు. మేము దారం తీసుకుని వెళ్ళినప్పుడల్లా హిందూపురం నుండి నాలుగు కట్టల బీడీలు ఆయనకని తీసుకుని వెళ్ళేవాళ్ళము. అభిమానంతోనే సుమా! పండ్లు తీసుకువెళ్ళే మనిషి పండ్లు తీసుకువెళ్తాడు, మేము బీడీలు తీసుకువెళ్ళాము. ఆయన మగ్గం గుంటలోంచే చేయి చాపి, "తెచ్చినావా భాయ్?" అనేవాడు.

1984లో ఆయన కాలి బొటనవేలు నల్లబడింది. నడిస్తే పిక్కలు పట్టేయడం, రాత్రి పడుకుంటే వేళ్ళు మంటలెత్తడం. ఆనెకాయ అనుకుని ఆకుపసరు కట్టుకున్నాడు. చివరకు బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుని వెళ్ళాము. అక్కడి డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, "రోజుకు ఎన్ని బీడీలు?" అని. ఈ జబ్బును బర్జర్స్ జబ్బు అంటారట. 1908లో న్యూయార్కులోని లియో బర్జర్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు గనుక ఆ పేరు వచ్చింది. పొగాకు వాడేవారిలో, అందులోనూ వయసులో ఉన్న మగవాళ్ళలో, కాళ్ళూ చేతుల్లోని చిన్న రక్తనాళాలు వాచి, రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. రక్తం అందని వేలు కుళ్ళిపోతుంది. పొగాకు పూర్తిగా మానితే జబ్బు అక్కడితో ఆగవచ్చు. మానకపోతే ఏ మందూ ఆపలేదు. బీడీలో పొగాకు తక్కువే కదా అనుకుంటాము. కానీ బీడీ ఆకు సరిగా మండదు, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అందుచేత చిన్న బీడీ పెద్ద సిగరెట్టుకు ఏమీ తీసిపోదు.

వేలు తీశారు. ఇంటికి వచ్చాక మళ్ళీ దొంగచాటుగా తాగాడు. ఆ సంగతి మాకు తెలుసు. ఎందుకంటే ఆ కట్ట కూడా మేము ఇచ్చినదే. "ఒక్కటే భాయ్, నొప్పికి తట్టుకోలేక" అని బతిమాలితే ఇచ్చాము. 1986 మొదట్లో మోకాలి కింద కాలు తీసేశారు. మగ్గం సంగతి మీకు తెలుసు. చేతులు ఎంత ముఖ్యమో కాళ్ళూ అంతే ముఖ్యం. గుంటలో కూర్చుని కాళ్ళతో పలకలు తొక్కితేనే చీర. అంత పనివాడు గోడవార చాప మీద కూర్చుని దారం చుడుతున్నాడు. మగ్గం గుంటలో ఆయన భార్య కూర్చుంది. పన్నెండేళ్ళ కూతురు బడి మాని పక్కన కూర్చుంది.

మాకు ఏడుపు ఆగలేదు. "తెచ్చి ఇచ్చి పాడుచేసింది మేమే" అన్నాము. ఆయన మా చేయి పట్టుకుని, "నువ్వు తెచ్చినావు సరే, తాగింది నేనే కదా. నా కాలు పాయె. నీ కాళ్ళన్నా కాపాడుకో భాయ్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మా జేబులో పెట్టె ఉంది.

ఆ యేడు రంజాన్ మే నెలలో మొదలైంది. మండుటెండలు. పగలంతా నీళ్ళే ముట్టనివాళ్ళము, సిగరెట్టు లేకుండా పద్నాలుగు గంటలు ఉండగలుగుతున్నాము. మరి ఇఫ్తార్ కాగానే ఖర్జూరం నోట్లో ఉండగానే చేయి జేబులోకి ఎందుకు పోతుంది? ఉండలేకపోవడం అబద్ధం, ఉండదలచుకోకపోవడమే నిజం అని ఆ నెలలో తెలిసింది. ముందు రోజే ఇంట్లో అందరికీ చెప్పేశాము. బూడిద గిన్నె పారేశాము. టీ బంకు ఆయనకు, "మేము అడిగినా ఇవ్వొద్దు" అని చెప్పాము. ఇఫ్తార్ కాగానే నీళ్ళు తాగి తిన్నగా మగ్రిబ్‌కు, ఆ తర్వాత తరావీహ్‌కు. నోట్లో లవంగం.

మొదటి మూడు రోజులు నరకం. తల పగిలిపోయేది, పిల్లలమీద కోపం, నిద్ర లేదు. పొగలోని నికోటిన్ పది సెకన్లలో మెదడుకు చేరుతుందట. అలా పద్దెనిమిదేళ్ళు మరిగిన మెదడు ఊరుకుంటుందా? కానీ ఒకటి గమనించాము. తాగాలనే ఆ తపన ఎంత గట్టిగా వచ్చినా కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కొన్ని నిమిషాలు ఏదో ఒక పనిలో పడితే దాటిపోతుంది. రెండు మూడు వారాలకు కొంత తేలికపడింది.

పండుగ మూడో రోజు హిందూపురం స్టేషనులో ఒక మిత్రుడు ఇవ్వగా రెండు దమ్ములు లాగాము. తల తిరిగింది. పారేశాము. పూర్వమైతే "ఒట్టు పోయింది, ఇక తాగేద్దాం" అనుకునేవాళ్ళము. ఈసారి జారిపడినవాడు లేచి నడిచినట్టు నడిచాము. అదే కడపటిది. ఆ తర్వాత ధర్మవరం వెళ్ళినప్పుడల్లా మా మిత్రునికి చీనీకాయలు తీసుకుని వెళ్ళాము. ఆయన కూడా పూర్తిగా మానాడు. రెండో కాలు దక్కింది. కూతురు మళ్ళీ బడికి పోయింది.

మానినవాళ్ళకు మేలు ఎంత త్వరగా మొదలవుతుందో చూడండి. ఇరవై నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. పన్నెండు గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలుకు వస్తుంది. ఒక ఏడాదికి గుండెజబ్బు ముప్పు తాగేవాళ్ళతో పోలిస్తే సగమవుతుంది. పదేళ్ళకు ఊపిరితిత్తుల కేన్సరు ముప్పు దాదాపు సగానికి దిగుతుంది. ఇక మానకపోతే? ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా మనుషులను పొగాకు పొట్టన పెట్టుకుంటోంది.

నేటి పిల్లలకు మాకు లేని ఆసరా ఉంది. 2003 చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారికి పొగాకు అమ్మరాదు. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ ప్రదేశాల్లో తాగరాదు. మానదలచినవారు 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేస్తే సలహా చెబుతారు. గుట్కా, ఖైనీ వేసుకునే తమ్ముళ్ళు "మాది పొగ కాదు కదా" అని నవ్వుతున్నారేమో, అది నోటిని తింటుంది.

తల్లులకు ఒక మనవి. మానే మనిషి మొదటి వారంలో కసురుకుంటాడు. దయచేసి ఓర్చుకోండి. తండ్రులకు మరొక మనవి. మీ సిగరెట్టుకు మీ బిడ్డను అంగడికి పంపవద్దు. స్నేహితులకు ఆఖరి మనవి. అభిమానం చూపాలంటే అరటిపండ్లు ఉన్నాయి, చీనీకాయలు ఉన్నాయి. మేము తీసుకువెళ్ళినది మాత్రం ఎవరికీ తీసుకువెళ్ళవద్దు.